పేరు లేని పాత్ర నుండి పాత్రను రాసే చేయి వరకు
(ముస్లిం యువత, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రసార మాధ్యమాలలో మన సముదాయం ఎలా కనిపిస్తున్నదో మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఈ విషయమై ఫిర్యాదులు చదవడం మొదలుపెడితే పొద్దు గూకినా అవి పూర్తికావు. తెర మీద ముస్లిం కనిపించాడంటే ఎక్కువసార్లు కత్తి పట్టినవాడో, బాంబు పెట్టేవాడో, వచ్చీ రాని తెలుగుతో నవ్వించేవాడో అయి ఉంటాడు. ఇది మీరందరూ ఎరిగినదే. అందువలన ఈ రోజు ఫిర్యాదును కాసేపు పక్కన ఉంచి, ఇటువంటి చిత్రణనే పరాయి దేశంలో ఎదుర్కొని, దానికి తన మార్గంలో సమాధానం వెతికిన ఒక వలస నటుని జీవితాన్ని మీ ముందుంచదలచాము. ఆయన అమెరికన్ టెలివిజన్ నటుడు ఆసిఫ్ మాండ్వీ.

మాండ్వీ 1966లో బొంబాయిలో జన్మించారు. అసలు ఇంటి పేరు మాండ్వీవాలా. పసితనంలోనే కుటుంబం ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరానికి తరలిపోయింది. ఉన్ని మిల్లుల ఊరైన బ్రాడ్‌ఫర్డ్‌కు ఆ రోజులలో భారత ఉపఖండం నుండి వేలాది మంది పనుల కోసం చేరుకున్నారు. వారితో పాటే వారిపై ద్వేషమూ పెరిగింది. 1970ల ఇంగ్లండులో గోధుమ రంగు చర్మం గల పిల్లవాడు బడికి వెళ్ళి రావడమే ఒక పరీక్ష. ఆయనకు 16 ఏళ్ళ వయసులో కుటుంబం మరోసారి సామాను సర్దుకుని అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరానికి చేరింది. ఆయన అక్కడి విశ్వవిద్యాలయంలో నాటకకళను అభ్యసించి, 1990ల ఆరంభంలో న్యూయార్క్‌లో అడుగుపెట్టారు.

మూడు దేశాలలో పెరిగిన ఈ మనిషికి ఏ దేశమూ పూర్తిగా తనది కాలేదు. 2014లో వెలువరించిన తన స్వీయ అనుభవాల పుస్తకానికి ‘నో ల్యాండ్స్ మ్యాన్’, అనగా ఏ నేలకూ చెందని మనిషి, అని పేరు పెట్టుకోవడంలోనే ఆ వేదన ఉన్నది.

న్యూయార్క్‌లో ఆయనకు లభించిన తొలి వేషాలను గమనించండి. 1995లో విడుదలైన ‘డై హార్డ్ విత్ ఎ వెంజెన్స్’ అనే భారీ చిత్రంలో ఆయనకు ఒక చిన్న వేషం దొరికింది. ఆ పాత్రకు పేరు లేదు. చిత్రం చివర నటీనటుల పట్టికలో ‘అరబ్ క్యాబీ’, అంటే అరబ్బు ట్యాక్సీవాడు, అని మాత్రమే ఉన్నది. వేసినవాడు బొంబాయిలో పుట్టి బ్రాడ్‌ఫర్డ్‌లో పెరిగినవాడు. ఆయన అరబ్బు కాడు. అయినా రాసినవారికి ఆ తేడా అక్కరలేదు.

మేము దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు చూసినవాళ్ళము. దరఖాస్తులో పేరు లేకపోతే ఆ మనిషి పని ముందుకు సాగదని మాకు తెలుసు. కథలోనూ అంతే. పేరు లేనివానికి తల్లి ఉండదు, అద్దె బాకీ ఉండదు, బిడ్డ చదువు గురించిన దిగులు ఉండదు. అటువంటివాడు చనిపోయినా చూసేవాని కంట నీరు రాదు. ఒక సముదాయాన్ని తెర మీద పేరు లేకుండా చూడడానికి అలవాటుపడిన కన్ను, వీధిలో వారికి అన్యాయం జరిగినపుడు కూడా కదలదు. కనుక ఇది వినోదానికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. ఇది హక్కుల ప్రశ్న.

మాండ్వీ ఏమి చేశారు? వేషాలు మానుకోలేదు, పొట్ట గడవాలి కదా. కానీ పక్కనే కలం పట్టారు. 1998లో ‘సకీనాస్ రెస్టారెంట్’ అనే ఏకపాత్ర నాటకాన్ని స్వయంగా రాసి ప్రదర్శించారు. భారతదేశం నుండి న్యూయార్క్‌లోని ఒక హోటల్లో పనికి చేరిన ఆజ్గీ అనే యువకుడు, ఆ హోటల్ యజమాని, ఆయన భార్య, వారి పిల్లలు... ఇలా ఆరు పాత్రలను ఒక్కరే పోషించారు. ఆరుగురికీ పేర్లు ఉన్నాయి. ఆరుగురికీ ఆశలు, అలకలు, బలహీనతలు ఉన్నాయి. ఆ నాటకానికి న్యూయార్క్ నాటకరంగంలో గౌరవప్రదమైన ఓబీ పురస్కారం లభించింది. ఎవరో రాసిన ట్యాక్సీవాడి వేషం ఇవ్వని గుర్తింపును సొంత కలం ఇచ్చింది.

టెలివిజన్‌లో ఆయన పేరు మారుమోగినది 2006 ఆగస్టు తరువాత. లెబనాన్‌లో యుద్ధం జరుగుతున్న ఆ రోజులలో, వార్తలపై వ్యంగ్యం పండించే ‘ది డైలీ షో’లో ఒక్క రోజు కోసం పిలిచారు. ఆ తరువాత సంవత్సరాల తరబడి అక్కడ నిలిచారు. ఆ కార్యక్రమం ఆయనకు ‘సీనియర్ ముస్లిం ప్రతినిధి’ వంటి బిరుదులు తగిలించేది. ముస్లిం పేరున్న ప్రతివాడూ కోట్లాది ముస్లింలందరి తరఫున సంజాయిషీ చెప్పుకోవాలనే లోకరీతిని ఎగతాళి చేయడమే దాని ఉద్దేశ్యం.

2013లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఓటరు గుర్తింపు చట్టంపై వివాదం చెలరేగినపుడు, మాండ్వీ ఒక స్థానిక రిపబ్లికన్ నాయకుని ఇంటర్వ్యూ చేశారు. ఆ నాయకుడు కెమెరా ముందే నల్లజాతివారిని గూర్చి అవమానకరంగా మాట్లాడాడు. మాండ్వీ గొంతు పెంచలేదు, మాట్లాడనిచ్చారు. అది ప్రసారమైన వెంటనే పార్టీవారే ఆ నాయకుని చేత పదవికి రాజీనామా చేయించారు. ఒక వలస ముస్లిం మరొక పీడిత సముదాయం ఓటు హక్కు కోసం తన కళను వినియోగించాడు. మన కార్యకర్తలు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇక 2011లో జరిగిన ఒక ఉదంతం. మిచిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో నివసించే లెబనీస్ మూలాల కుటుంబాల దైనందిన జీవితాన్ని చూపే ‘ఆల్ అమెరికన్ ముస్లిం’ అనే కార్యక్రమం ఆ ఏడాది టెలివిజన్‌లో ప్రసారమైంది. పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, ఫుట్‌బాల్ శిక్షణ, అంతే. ఒక సంస్థ అభ్యంతరం లేవదీసింది. ముస్లింలను మామూలు మనుషులుగా చూపడమే వారి దృష్టిలో నేరమైంది! ‘లోవ్స్’ అనే పెద్ద వ్యాపార సంస్థ తన ప్రకటనలను ఉపసంహరించుకున్నది. ఆ కార్యక్రమం ఒక్క సీజన్‌తో ముగిసిపోయింది. దుర్మార్గునిగా చూపితే అభ్యంతరం లేదు. పొరుగువానిగా చూపితే అభ్యంతరం.

మాండ్వీ 2015లో మిత్రులతో కలసి ‘హలాల్ ఇన్ ద ఫ్యామిలీ’ అనే నాలుగు చిన్న హాస్య భాగాలను ఇంటర్నెట్‌లో విడుదల చేశారు. అందులోని ముస్లిం కుటుంబం మసీదులపై నిఘా, మీడియా పక్షపాతం, పిల్లలపై వేధింపులు వంటి బాధలను నవ్వుల మధ్య చెప్పింది. పెద్ద ఛానల్ తలుపు తీసేదాకా వారు వేచి ఉండలేదు.

అలాగని ఆయన మనల్ని దేవదూతలుగా చూపాలని కోరుకోలేదు. 2012లో న్యూయార్క్‌లో ‘డిస్‌గ్రేస్డ్’ నాటకంలో, తన ముస్లిం మూలాన్ని దాచి పైకి ఎదిగిన న్యాయవాది పాత్రను ధరించారు. అయాద్ అఖ్తర్ రాసిన ఆ నాటకానికి 2013లో పులిట్జర్ బహుమతి దక్కింది. అది మనకు నచ్చే పాత్ర కాదు. కానీ అది మనిషి పాత్ర. 2019లో మొదలైన ‘ఈవిల్’ ధారావాహికలో ఆయన పోషించిన బెన్ షాకిర్ ముస్లిం కుటుంబంలో పెరిగిన సాంకేతిక నిపుణుడు, దేనినీ రుజువు లేకుండా నమ్మనివాడు. మనకు కావలసినది పొగడ్త కాదు, సంపూర్ణత్వం.

నటన విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటిని మేము గౌరవిస్తాము. ఈ నటుని ధార్మిక ఆదర్శంగా నిలబెట్టడం మా ఉద్దేశ్యం కాదు. మేము చెప్పదలచినది ఒక్కటే: తెర మీద మనవాడు కనిపించినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదు. ఆ పాత్రను రాసినది ఎవరు, దానికి పేరు పెట్టినది ఎవరు అన్నదే అసలు ప్రశ్న.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపం. మీ అమ్మాయి కథ రాస్తానంటే, మీ అబ్బాయి కెమెరా పని నేర్చుకుంటానంటే ‘అది మనకెందుకు’ అని కొట్టిపారేయకండి. ఇంజనీరు, డాక్టరు కావాలి, నిజమే. మన ఇళ్ళ సంగతులు మన నోటితో చెప్పేవారు కూడా కావాలి. యువకులకు మా మాట: మీ నానమ్మ చెప్పే సంగతులు రాసి పెట్టండి. మీ వీధి దర్జీ, మెకానిక్, బీడీలు చుట్టే తల్లి, వీరందరి జీవితాలను వారి పేర్లతో, వారి అనుమతితో రాయండి. కార్యకర్తలకు: తప్పుడు చిత్రణపై నిరసన తెలపడం మన హక్కు, తెలుపుదాము. అయితే ఒక నిరసన పత్రం రాసిన చేత్తోనే ఒక కథ కూడా రాద్దాము.

మన పిల్లల కలాలకు అల్లాహ్ సత్యాన్నీ ధైర్యాన్నీ ప్రసాదించుగాక.