రాశానంటుంది, రాయదు

దుకాణం లెక్కలు గానీ, సంఘం పద్దులు గానీ పెన్‌డ్రైవ్‌లోనూ మెమరీ కార్డులోనూ ఉంచుకునేవాళ్లు ఈ నాలుగు మాటలు వినాలి.

ఉదాహరణకు, మన ఫోన్లలో కాంటాక్టులు, మెసేజ్‌లు చాలావరకు దాచేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. 2000లో రిచర్డ్ హిప్ దీన్ని తయారుచేశారు. మధ్యలో కరెంటు పోయినా లెక్క చెడకూడదని, మార్చబోయే భాగాల పాత ప్రతిని ఇది ముందుగా జర్నల్ అనే ఫైలులో రాసుకుంటుంది. అది మెమరీ చిప్‌లోకి చేరిందా అని పరికరాన్ని అడిగి, చేరిందన్నాకే అసలు ఫైలును ముట్టుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. వేగంగా కనబడాలని కొన్ని చవక పరికరాలు రాయకుండానే రాసేశామంటాయి. సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోతే జర్నల్ ఉండదు, అసలు ఫైలేమో సగం మారి ఉంటుంది.

ఇంకా బాధాకరమైన సంగతి ఉంది. ఫ్లాష్ చిప్ అరిగిపోకుండా లోపలి కంట్రోలర్ డేటాను చోటు మారుస్తూ ఉంటుంది. ఆ సమయంలో కరెంటు పోయి, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చెడితే, నెలల తరబడి ఎవరూ తాకని ఫైలు కూడా పోవచ్చు.

ఇది చవక సరుకు జబ్బు మాత్రమే కాదు. 2013లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకు, అంటే కంప్యూటర్లలో వాడే ఫ్లాష్ డిస్కులకు, పదేపదే కరెంటు తీసి చూస్తే 13 ఏదో ఒక రకంగా తడబడ్డాయి.

ఇక, ఉన్నదానికంటే ఎక్కువ జీబీలు చూపించే నకిలీ పెన్‌డ్రైవ్‌లు సరేసరి. వాటిని నమ్మడం శుద్ధ దండగ.

దయచేసి ఎజెక్ట్ నొక్కకుండా పెన్‌డ్రైవ్ లాగకండి. ముఖ్యమైన లెక్కల నకలు వేరే పరికరంలో ఈరోజే పెట్టుకోండి, అది తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి.