మంచు ఫొటో మసకబారకుండా

చలికాలం వస్తే లంబసింగి మంచును కెమెరాలో పట్టుకోవాలని ఎంతోమంది నర్సీపట్నం మీదుగా కొండెక్కుతారు. తీరా దిగొచ్చాక ఫొటో వెతికితే దొరకదు, దొరికినా ప్రింటు బాగా రాదు.

ముందు సర్దుకోవడం చూద్దాం. ఫోల్డరుకు ఏడాది, నెల, తేదీ, ఊరు ఈ వరసలో పేరు పెట్టండి. కంప్యూటరే వాటిని తేదీల ప్రకారం పేరుస్తుంది. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రాలు ఇచ్చుకుంటే వేలల్లోంచి మేలైనవి ఇట్టే తేలతాయి.

ఇక ప్రింటు. అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్క. 4 × 6 సైజుకు 1200 × 1800 చాలు, 12 × 18కి 3600 × 5400 కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. స్టూడియోకి డాక్యుమెంటుగా పంపండి. తెరమీది వెలుగు కాగితానికి రాదు కాబట్టి, ముందు చిన్న ప్రింటు తీయించి చూసుకోండి.

కెమెరా కార్డు ఖాళీ చేసే ముందు మాత్రం ఫొటోలకు రెండు చోట్ల కాపీ ఉండాలి సుమా!