కరకర కిటుకు తడి ఆర్చడంలోనే

చేప ముక్క కరకరలాడాలంటే పిండి మందంగా పట్టించాలని చాలామంది అనుకుంటారు. అసలు కిటుకు తడి ఆర్చడంలో ఉంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది; పైపొర ఎర్రగా వేగాలంటే అంతకు మించిన వేడి కావాలి. తడి ఉన్నంతసేపూ మంటంతా ఆవిరికే ఖర్చు. అందుకే నిజాంపట్నం నుంచో చీరాల వాడరేవు నుంచో వచ్చిన పండుగప్పను ముల్లు తీయించి, ఉప్పూ కారం పట్టించి పావుగంట ఉంచాలి. ఊరిన నీటిని శుభ్రమైన గుడ్డతో అద్దేయాలి. ఆపైన పలచగా బియ్యప్పిండి, గిలక్కొట్టిన గుడ్డు, చివరగా రస్కుల పొడి. పిండి మిగిలిన తడిని పీలుస్తుంది, గుడ్డు పొడిని పట్టి ఉంచుతుంది.

గుంటూరు కారం పైకి కనిపించకపోతే అదేం వేపుడంటారా? పైపూతలో కలిపిన కారం 180 డిగ్రీల నూనెలో మాడి చేదెక్కవచ్చు. పొడి కింద దాగితే ఘాటు నిలుస్తుంది. నూనె పీలుస్తుందన్న భయమూ సగమే నిజం. కాగిన నూనెలో ముక్క నుంచి ఎగదన్నే ఆవిరి నూనెను చాలావరకు అడ్డుకుంటుంది. వేడి చాలని నూనెలో ముక్క జిడ్డవుతుంది. కనుక మూకుడు నింపేయకుండా రెండేసి ముక్కలే వేయండి. దించాక మూత పెట్టకండి. ఆవిరి తగిలితే కరకర పోతుంది.