బుద్ధికి గీటురాయి

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు, తరువాత మీకు హితవు చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఎన్నో ఉన్నాయి. జిల్లాల నుండి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు పరీక్షల ప్రశ్నలనే కాదు, నమాజు, జకాత్, తలాక్ వంటి విషయాలను సైతం ఫోనులోని కృత్రిమ మేధనే అడుగుతున్నారు. అది క్షణంలో చక్కని తెలుగులో జవాబిస్తుంది. అలా మాట్లాడినంత మాత్రాన దానికి బుద్ధి ఉన్నట్లేనా?

1950లో అలన్ ట్యూరింగ్ అనే ఆంగ్ల గణితవేత్త ఒక పరీక్షను ప్రతిపాదించాడు. తెర చాటు నుండి రాతపూర్వకంగా సంభాషించేది మనిషో యంత్రమో అడిగేవాడు గుర్తించలేకపోతే, ఆ యంత్రం ఆలోచిస్తున్నదని ఒప్పుకోవచ్చునని ఆయన వాదన. ఆయన పేరిట ఇచ్చే పురస్కారాన్ని 1994లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అందుకున్నారు. కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు, ద్వేషించదగినదీ కాదు. అయితే 1966లో అమెరికాలో వైజెన్‌బామ్ రూపొందించిన ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం, మనిషి చెప్పిన మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి అడిగేది. అంతమాత్రానికే కొందరు దాని ముందు మనసు విప్పారు. మాటతీరు మనల్ని ఎంత తేలికగా మోసగించగలదో దీనివల్ల తెలుస్తున్నది.

మన పెద్దల గీటురాయి వేరు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహ్ అలైహ్) బాగ్దాదుకు వచ్చినప్పుడు అక్కడి పండితులు ఆయనను పరీక్షించిన తీరును చరిత్రకారులు ఉల్లేఖించారు. వారు వంద హదీసుల ఉల్లేఖకుల పరంపరలను తారుమారు చేసి, పదిమంది చేత తలా పదేసి చదివించారు. ప్రతిదానికీ ఆయన “ఇది నాకు తెలియదు” అన్నారు. సామాన్యులు ఆయనకు ఏమీ రాదనుకున్నారు, వివేకులు గ్రహించారు. అందరూ ముగించాక, ఆయన వందింటినీ వరుసగా సరిదిద్ది చెప్పారు. తెలియనిదానిని తెలియదనడం, తెలిసినదాని మూలాన్ని చూపడం, ఈ రెండూ జ్ఞానానికి గుర్తులు. యంత్రమో, లేని హదీసుకు సైతం గ్రంథం పేరు, సంఖ్య జోడించి ధీమాగా చెప్పిన సందర్భాలున్నాయి.

సోదరులారా! అరబీలో బుద్ధిని ‘అఖ్ల్’ అంటారు. ఒంటె కాలికి కట్టే తాడు ‘ఇఖాల్’. రెండింటికీ ధాతువు ఒకటే. చెడు వైపు పోకుండా మనిషిని నిలిపేదే బుద్ధి. అందుకే ధర్మశాస్త్రం బుద్ధి ఉన్నవానినే జవాబుదారిగా పరిగణిస్తుంది. పసివానికి, మతిలేనివానికి ఆ భారం లేదు. యంత్రం తన మాటకు ఎవరి ఎదుటా జవాబు చెప్పుకోదు. ప్రళయదినాన నిలబడవలసింది దానిని వాడిన మనమే.

ఇది ఊహల చర్చ కాదు. మన తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు, ఇంటికి వచ్చి విచారించకుండా, కంప్యూటర్ లెక్కలతో రద్దయ్యాయన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం వాటిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. సయ్యద్, షేక్, ముహమ్మద్ అనే పేర్లు మన వీధుల్లో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో మీకు తెలుసు. ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కరిగా లెక్కగట్టే యంత్రం, కారు ముఖమే ఎరుగని వితంతువును కారు యజమానురాలిగా చూపి ఆమె బియ్యం ఆపివేయగలదు. దానికి ఆకలి తెలియదు, సిగ్గూ తెలియదు. సంతకం చేసిన అధికారికి ఆ రెండూ తెలిసి ఉండాలి.

కాబట్టి విద్యార్థులారా! నేర్చుకోవడానికి యంత్రాన్ని వాడండి. ధర్మాదేశం కోసం మాత్రం ఆలిమ్‌ను ఆశ్రయించండి. మూలం సరిచూడకుండా ఏ హదీసునూ ఇతరులకు పంపకండి. ఉద్యోగులారా! యంత్రం ఎవరికైనా హక్కు నిరాకరిస్తే, ఆ మనిషిని ఒక్కసారి పిలిచి వినండి. పొరుగువారి కార్డు రద్దయితే, చదువు వచ్చినవారు వారి వెంట కార్యాలయానికి వెళ్లండి.

ఓ అల్లాహ్! మాకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, తెలియనిదానిని తెలియదనే వినయాన్ని ప్రసాదించు. మా చేతుల మీదుగా ఎవరికీ అన్యాయం జరగనీయకు. ఆమీన్.