ఇంటిపేరు దొరకిన మూలకము

(ఖరగ్‌పూర్, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కున జరిగిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను బి.ఏ. చదివి, సచివాలయమున కాగితముల నడుమ కాలము గడుపుచున్నవాడను. రసాయన శాస్త్రమును గూర్చి మాట్లాడుటకు నాకు గల అర్హత స్వల్పము. అయినను ఒక మూలకము పుట్టుటలో శాస్త్రజ్ఞులతో పాటు కాగితములకును పాత్ర కలదని తెలిసిన పిమ్మట, ఇది మనవంటి ఉద్యోగులు వినదగిన కథయని తోచినది.

మనము కూర్చున్న ఈ పార్కునకు విద్యాసాగరుని పేరు పెట్టిరి. ఆ మహనీయుడు 1820లో జన్మించిన వీరసింహ గ్రామము నేడు ఈ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనిదే. ఇచట మనిషి పేరు స్థలమునకు వచ్చినది. మన తెలుగువారిలో తరచు దీనికి విలోమముగా జరుగును. ఊరి పేరు మనిషికి వచ్చును. మన ఇంటిపేర్లలో అనేకము పూర్వికులు విడిచివచ్చిన ఊళ్లే. రైల్వే వర్క్‌షాపులో పనికై ఉత్తరాంధ్రము నుండి వచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిన కుటుంబములకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఆ ఊరిని ఎన్నడును చూడని మనుమడు సైతము ఆ ఊరి పేరుతోనే సంతకము చేయును.

117వ మూలకమునకును అట్లే ఒక ఇంటిపేరు దొరకినది.

ప్రకృతిలో విస్తారముగా దొరకు మూలకములలో కడపటిది యురేనియము. దాని సంఖ్య 92. ఆపై వానిని మనుష్యుడు చేసికొనవలసినదే. పరమాణు కేంద్రకములోని ప్రోటానుల లెక్కయే మూలకముయొక్క సంఖ్య. కాల్షియమునకు 20, బెర్కీలియమునకు 97. రెండును కలిసిన 117. కూడిక పసిపిల్లలకు తెలిసినదే. కాని బెర్కీలియము దొరకుట యెట్లు?

రష్యాలోని దుబ్నా పరిశోధనాలయమున యూరీ ఒగనెస్యాన్ గారి బృందమువద్ద కాల్షియమును మహావేగముతో ప్రయోగించు యంత్రము కలదు. బెర్కీలియము మాత్రము అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రములోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో తయారు కావలెను. దానికొరకే రియాక్టరు నడుపుట మిక్కిలి వ్యయము. కాలిఫోర్నియము అను మరియొక మూలకమును చేయునపుడు అది వెంట వచ్చును. అట్టి సమయము వచ్చువరకు ఓర్పుతో వేచియుండిరి. అదే రాష్ట్రములోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాచార్యులు జోసెఫ్ హామిల్టన్ గారు ఈ రెండు దేశములవారికిని వారధియైరి.

రియాక్టరులో 250 దినములు, శుద్ధి చేయుటకు మరి 90 దినములు. తుదకు చేతికి వచ్చినది 22 మిల్లీగ్రాములు! అందులోను సగము సుమారు 330 దినములలో తనంతట తాను క్షీణించిపోవును. దీనినే అర్ధాయువందురు. కనుక ప్రతిదినము విలువైనదే.

2009 జూన్‌లో దానిని సీసపు పెట్టెలలో భద్రపరచి విమానమున మాస్కోకు పంపిరి. కాగితములు సరిగా లేవని కస్టమ్సువారు త్రిప్పి పంపిరి. మరల పంపగా మరల త్రిప్పి పంపిరి. ఆ పార్సెలు అట్లాంటిక్ మహాసముద్రమును ఐదుమారులు దాటిన పిమ్మట గాని లోనికి పోనిచ్చినవారు లేరు. కస్టమ్సువారి తప్పనుటకు వీలులేదు. రేడియో ధార్మిక పదార్థమును కాగితములు లేక ఎవరు రానిత్తురు? కాని పెట్టెలోని పదార్థము సంతకములకొరకు ఆగునది కాదు.

ఈ ఘట్టము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పూర్వమొక కార్యాలయమున నేను పనిచేయుచుండగా, మరణించిన ఒక ఉద్యోగి భార్యయొక్క కుటుంబ పెన్షను కాగితములు నా బల్లపైకి వచ్చినవి. ఒక ధ్రువపత్రము తక్కువైనదని త్రిప్పి పంపితిని. రెండవమారు పేరులో ఒక అక్షరము తేడా యున్నదని మరల పంపితిని. రెండును నియమానుసారమే. మూడవమారు అవి వచ్చునప్పటికి ఆమె పెద్దకుమారుడు చదువు మాని దుకాణమున పనికి కుదిరియుండెను. రెండు లోపములను మొదటి ఉత్తరములోనే వ్రాసియుండినచో ఒక జాప్యము తప్పెడిది. నియమము తప్పు కాదు, నా చూపు తప్పు. కాగితమునకు అర్ధాయువు లేదు. దాని వెనుకనున్న జీవితమునకు కలదు.

కథకు వత్తును. దుబ్నాలో 2009 జూలై మొదలు 150 దినములు కాల్షియముతో బెర్కీలియమును తాడించిరి. లభించినవి ఆరు పరమాణువులు! ఒక్కొక్కటి కనురెప్ప పాటుకంటె తక్కువ కాలమే నిలిచినది. అది విచ్ఛిన్నమగుచు విడిచిపోయిన జాడలనుబట్టియే దాని పుట్టుకను గుర్తించి 2010 ఏప్రిల్‌లో ప్రకటించిరి.

ఆ పరిశోధనా పత్రముపైనున్న ముప్పదికి పైగా పేర్లలో వాండర్‌బిల్ట్ ఆచార్యులు ఆకునూరి వి. రామయ్యగారి పేరు కలదు. ఆ ఇంటిపేరులోను ఒక ఊరున్నది, గమనించితిరా?

నూతన మూలకమునకు పేరు పెట్టుట కనుగొన్నవారి ఇష్టము మాత్రమే కాదు. పురాణ పురుషులు, ఖనిజము, స్థలము, గుణము, శాస్త్రజ్ఞుడు, వీనిలో ఒకదానినుండియే పేరు రావలెను. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘము ఆవిష్కరణను 2015 డిసెంబరు 30న గుర్తించినది. 2016 జూన్‌లో పేరును ప్రకటించి, ఐదుమాసములు లోకాభిప్రాయమునకు విడిచి, నవంబరు 28న స్థిరపరచినది. పేరు టెనెస్సీన్. మొదటి భాగము ఊరు. చివరి 'ఈన్' గోత్రము వంటిది. క్లోరీన్, అయోడీన్ మొదలగువాని వరుసలోనిదని అది తెలుపును.

118వ మూలకమునకు ఒగనెస్యాన్ గారి పేరే పెట్టిరి, అదియు న్యాయమే. కాని ఊరి పేరులో మరియొక న్యాయమున్నది. ఒక ప్రాంతపు పేరు పెట్టినపుడు రియాక్టరు నడిపినవాడు, శుద్ధి చేసినవాడు, పెట్టె కట్టినవాడు, చివరికి కాగితములు సరిచేసి పంపిన గుమాస్తా, అందరును అందులో ఇముడుదురు.

మన పేరు ఏ మూలకమునకును రాకపోవచ్చును. మన బల్లమీది కాగితము ఐదుమారులు సముద్రము దాటకుండ చూచితిమేని, ఆ పేరులో మనకును పాలున్నట్లే.