‘డెట్’ మాటలో ‘బి’ ఎవరు పెట్టారు?

(యువజన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట ఇంగ్లీషు తప్పుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాం. భూమి గురించీ కూలి గురించీ మాట్లాడాల్సిన చోట ఈ ఇంగ్లీషు గోలేంటని పెద్దలు కొందరు అనుకుంటూ ఉండొచ్చు. కానీ రసీదు, మెమో, బ్యాంకు కాయితం, కోర్టు కాయితం ఏది చూసినా ఏదో ఒక మూల ఇంగ్లీషు ఉంటోంది. అందులో ఒక్క అక్షరం తప్పుపడితే పని ఆగిపోద్ది. ఆఫీసు చుట్టూ తిరగాలి. తిరిగిన ప్రతి రోజూ కూలి పోద్ది. ఇదొక సంగతి. ఇంకోటేంటంటే, కాలేజీల్లో మన పిల్లలు చాలామంది నోరు తెరవడం లేదు. తెరిస్తే తప్పొస్తుంది, తప్పొస్తే నవ్వుతారు. నవ్వేవాళ్లెవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ నవ్వు మనకేమన్నా కొత్తదా? నిన్నటిదాకా తెలుగులోనే నవ్వారు గదా. ‘భాష’ని ‘బాష’ అన్నారని నవ్వారు, ‘ధనం’ని ‘దనం’ అన్నారని నవ్వారు. ఆ వత్తులన్నీ చాలావరకు సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలవి. అయినా సరే, వత్తు పలకని నోరు తక్కువ నోరని తీర్పు చెప్పేశారు. ఇప్పుడు ఆ నవ్వే ఇంగ్లీషు వేషం కట్టుకొచ్చింది.

మరి ఇంగ్లీషు మనకొద్దు అందామా? బాబాసాహెబ్ బడిలో సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు. ఆయన పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. ఆ మనిషే 1936లో ‘కుల నిర్మూలన’ని ఇంగ్లీషులో రాసి దేశం ముందు పెట్టాడు. అంతకు చాలా ముందే, 1854లో అచ్చయిన తన మరాఠీ పద్యాల పుస్తకంలో సావిత్రిబాయి ఫూలే ఇంగ్లీషు నేర్చుకోండని మన జనానికి చెప్పింది. కాబట్టి ఆ మాట తేలిపోయినట్టే. ఇక స్పెల్లింగు సంగతి చూద్దాం.

అప్పుని ఇంగ్లీషులో ‘డెట్’ అంటారు. రాతలో డి, ఇ, బి, టి. ఆ ‘బి’ని ఎవడూ పలకడు. మరెందుకుంది? ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. జనం లేకుండానే రాసుకున్నారు. తర్వాత అక్కడి పండితులు బయల్దేరి, దీని మూలం లాటిన్‌లో ‘డెబిటమ్’ కదా, ఆ మూలం రాతలో కనపడాలి అని ఒక ‘బి’ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. లాటిన్ అంటే వాళ్లకి మన దగ్గర సంస్కృతం లాంటిదన్నమాట! రసీదుకి ‘రిసీట్’ అంటారే, అందులో పలకని ‘పి’ కూడా ఇదే బాపతు. అప్పు కాయితానికీ రసీదు కాయితానికీ మధ్యే మన బతుకు నలుగుద్ది. ఆ రెండిట్లోనూ పండితుడు ఒక్కో అక్షరం దూర్చిపోయాడు.

‘నైఫ్’ ముందు ‘కె’ సంగతి వేరు. దాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. నోరు మారింది, రాత మారలేదు. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు. అచ్చు పెరిగేకొద్దీ రాత గడ్డకట్టుకుపోయింది, పలుకుబడి మాత్రం దాని దారిన అది పోయింది. షేక్‌స్పియర్ సంతకాలు ఆరు మిగిలున్నాయి. వాటిలో ఆయన పేరు ఒక్కతీరుగా లేదు! 1755లో జాన్సన్ నిఘంటువు, 1828లో అమెరికాలో వెబ్‌స్టర్ నిఘంటువు వచ్చాక రాతకి ఓ కట్టుబాటు గట్టిపడింది. అప్పుడు కూడా ‘కలర్’లో ‘యు’ ఉండాలని ఇంగ్లండు, అక్కర్లేదని అమెరికా. అందుకే, తమ్ముళ్లూ, స్పెల్లింగు తప్పినవాడికి బుద్ధి తక్కువని ఎవడన్నా అంటే నమ్మకండి. ఇది బట్టీ పట్టాల్సిన పని, అంతే. రోజుకి రెండు మాటలు పట్టండి. మనం ‘గవర్మెంటు’ అంటాం, రాతలో ఆర్ తర్వాత ఎన్ ఉంది. ‘సెపరేట్’లో పి తర్వాత వచ్చేది ఎ. ‘లూజ్’లో ఒక ఓ ఉంటే పోగొట్టుకోవడం, రెండు ఓలు ఉంటే వదులు.

వ్యాకరణం తప్పుల్లో చాలావరకు మన తెలుగు నుంచి వచ్చేవే. ‘ఐదేళ్ల నుంచి ఉంటున్నాం’ అనడానికి ‘నుంచి’ బదులు ‘సిన్స్’ పెట్టి ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అంటాం. ఇంగ్లీషులో మొదలైన ఏడు చెప్తే ‘సిన్స్’, పట్టిన కాలం చెప్తే ‘ఫర్’. ‘గురించి చర్చించాం’ అని ‘డిస్కస్ అబౌట్’ అంటాం. ‘డిస్కస్’ కడుపులోనే ‘గురించి’ ఉంది, మళ్లీ అక్కర్లేదు. ‘డిడ్ నాట్ వెంట్’ అంటారు మనవాళ్లు. జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ మోసేసింది, ఆ పక్కన ‘గో’ చాలు. ‘ఎ’, ‘ది’ అనేవి తెలుగులో లేనే లేవు, అవి అలవాటుతో రావాల్సిందే. వీటిలో ఏది తప్పినా వినేవాడికి విషయం అర్థమవుతూనే ఉంటుంది. ధైర్యంగా మాట్లాడండి, మాట్లాడుతూనే దిద్దుకోండి.

కానీ కొన్ని తప్పులు అర్థాన్నే తలకిందులు చేస్తాయి. అక్కడ మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. ఉపాధి హామీలో 20 రోజులు ఎండలో మట్టి తవ్వాం, కూలి రాలేదు, అర్జీ పెట్టాం అనుకోండి. ‘కష్టపడి పనిచేశాం’ అనడానికి ‘హార్డ్’ అని రాయాలి. తోక తగిలించి ‘హార్డ్‌లీ’ అని రాస్తే పని చేశామో లేదో అన్నంత కొంచెం చేశాం అని అర్థం! మన అర్జీతోనే మన కూలికి ఎసరు పెట్టుకున్నట్టు. ఇంకోటి. ‘మమ్మల్ని కొట్టారు’ అనడానికి ‘వి వర్ బీటెన్’. ఆ ‘వర్’ పోయి ‘వి బీట్’ అయిందో, దెబ్బలు తిన్నవాళ్లం కొట్టినవాళ్లమై కూర్చుంటాం.

అందుకే పోలీసు స్టేషన్లో ఇంగ్లీషు జోలికి పోవద్దు. తెలుగులోనే ఇవ్వండి. నోటితో చెప్పినా వాళ్లు రాసుకోవాలి, రాసింది మనకి చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో ఇది 154వ సెక్షను. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వది. 1966 నాటి చట్టంతో తెలుగు మన అధికార భాష. ఇంగ్లీషులో తెమ్మని అర్జీ వెనక్కి తోసేవాణ్ణి ఆ మాటేదో కాయితం మీద రాసిమ్మని అడగండి.

ఇక అన్నిటికన్నా ఖరీదైన తప్పు, మనం చేయని తప్పు. అదే మన పేర్లలో పడే తప్పు. తెలుగు పేరుకి ఇంగ్లీషులో ఇదే సరైన స్పెల్లింగు అంటూ లేదు. ‘మల్లయ్య’ చివర ఒకరు ఎ ఐ ఎ హెచ్ రాస్తారు, ఒకరు ఎ వై వై ఎ రాస్తారు. ‘లక్ష్మి’లో ఒకరు కె ఎస్ హెచ్, ఇంకొకరు ఎక్స్. ‘త’కి మనం టి హెచ్ రాస్తే ఉత్తరాదిన ఒట్టి టి. బడిలో పంతులు ఒకలాగ రాస్తాడు, ఆధార్ దగ్గర కుర్రాడు ఇంకోలాగ కొడతాడు, కులం సర్టిఫికెట్‌లో మూడోలాగ వస్తుంది. ఉద్యోగం దాకా వెళ్లాక, ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని రుజువు చేసుకో అంటారు. తప్పు వాళ్లది, తిరుగుడు మనది. సామాన్యంగా అన్నిచోట్లా అడిగేది పదో తరగతి మెమో. కాబట్టి మిగతావన్నీ దానికి సరిపోయేట్టు దిద్దించుకోవాలి. పదో తరగతి పిల్లల పేర్ల జాబితా బడి నుంచి బోర్డుకి పోయేముందు అమ్మో నాన్నో వెళ్లి చూడాలి. అమ్మానాన్నలకి చదువు రాకపోతే ఇక్కడ కూర్చున్న మీలో ఒకరు తోడు వెళ్లాలి. పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, కులం ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చూడాలి. మీసేవలో దరఖాస్తు పంపేముందు కూడా ఇంతే. తెర మీద చూపించమనండి, చూశాకే డబ్బులు కట్టండి.

ఎట్లాగూ మెమోలూ ఆధార్ కార్డులూ వెంట తెచ్చుకోమన్నాం గదా. బయటికి తీయండి. రెండిట్లో పేరు ఒకటిగా ఉన్నవాళ్లు కుడిపక్క కూర్చోండి. తేడా ఉన్నవాళ్లు ఇటు రండి, దిద్దుబాటుకి ఏమేం కాయితాలు కావాలో ఒక్కొక్కరికీ రాసిస్తాం.