బందరులో ఇంటికి ప్రహరీ కడుతున్నారా? ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎపిసోడ్ కంచె గురించి. ఇంటి చుట్టూ వేసుకునే మామూలు కంచె. ఇదేం టాపిక్ బ్రో అనుకోకండి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వైపు సొంతిల్లు ఉండి, మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జాబ్ చేస్తూ ఉంటే, ఏదో ఒక రోజు ఈ ఫోన్ మీకూ వస్తుంది: "ఒరే, ప్రహరీ కట్టించేద్దామా?"

మా పెద్దమ్మ వాళ్లింట్లో ఇప్పుడు అదే నడుస్తోంది. బందరులో పాత పెంకుటిల్లు. పక్కింటికీ వీళ్లింటికీ మధ్య తాటాకు దడి ఉండేది, పాడైపోయింది. అన్నయ్య హైదరాబాద్ నుంచి ఆరడుగుల గోడ కట్టించేద్దాం అంటాడు. సేఫ్టీ కోసం. పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి అతని భయంలో న్యాయం ఉంది. పెద్దమ్మ మాత్రం వద్దంటోంది. "పక్కింటి మామ్మగారు కూడా ఒక్కతే. గోడ లేస్తే ఆవిడ పడిపోయినా నాకు తెలీదు, నేను పడిపోయినా ఆవిడకి తెలీదు" అంటుంది.

ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు లెక్క చూద్దాం. మనం బీటెక్ కదా, ఎక్కడో ఒక చోట వాడాలి.

కోస్తా ఆంధ్రలో కట్టడాల డిజైన్‌కి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి అడ్డంగా ఉన్న గోడ మీద చదరపు మీటరుకి సుమారు 150 కేజీల ఒత్తిడి పెడుతుంది. పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు గోడ తీసుకోండి. మొత్తం తోపు దాదాపు 850 కేజీలు. నాలుగంగుళాల ఇటుక గోడ తన బరువుతో మాత్రమే నిలబడాలంటే, ఆ తోపులో పదో వంతు కూడా ఆపలేదు. పిల్లర్లు, పునాది సరిగ్గా లేకపోతే అది పడుతుంది. ఎటు పడుతుందో, ఎవరి మీద పడుతుందో మన చేతిలో ఉండదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన తుఫాను, ఉప్పెనల్లో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000. అంత పెద్ద ఉప్పెనని ఏ ఇంటి కంచే ఆపదు. కానీ అంతకన్నా చిన్న తుఫాన్లు వస్తూనే ఉంటాయి కదా, వాటికి మనం వేసేది అడ్డు కాకూడదు. సందులున్న కంచెలోంచి గాలి కొంత దూరి వెళ్తుంది, తోపు తగ్గుతుంది. తాటాకు దడి, సరుగుడు కర్రల కంచె చేసేది అదే. పోయినా కర్ర పోతుంది, ఇటుకలు మీద పడవు.

తర్వాత నీళ్లు. డెల్టాలో నేల పళ్లెంలా ఉంటుంది. అర అడుగు మెరక ఉన్నా వాన నీరు పక్కవాళ్ల స్థలంలోకి నడుస్తుంది. మధ్యలో గోడ కడితే ఆ నీళ్లు ఎవరో ఒకరి వసారాలో నిలుస్తాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, సెక్షన్ 7 ప్రకారం మెరక స్థలంలో పడ్డ వాన నీరు సహజంగా పల్లానికి వెళ్తుంటే, పల్లం యజమాని దాన్ని వెళ్లనివ్వాలి. అంటే గోడే కట్టాలనుకున్నా నేల మట్టంలో తూములు వదలాలి. ఇది మర్యాద కోసం చెప్పేది కాదు, చట్టం.

చట్టం అంటే ఇంకో రెండు ఉన్నాయి. మనవి పాత ఊళ్లు. బందరులో డచ్చి వాళ్లు 1605లో, ఇంగ్లిష్ వాళ్లు 1611లో వ్యాపారం మొదలుపెట్టారు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. గోడ కూడా నిర్మాణమే. రెండోది సీఆర్‌జెడ్. సముద్రం దగ్గరే కాదు, పోటు నీళ్లు వచ్చే క్రీకుల పక్కన కూడా వర్తిస్తుంది. మీ ఇల్లు అలాంటి చోట ఉంటే మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చే ముందే సచివాలయంలో అడగండి. హద్దు మీద డౌట్ ఉంటే సర్వేకి ఎఫ్ లైన్ దరఖాస్తు పెట్టండి. కొలిచేటప్పుడు పక్కింటివాళ్లని కూడా పిలవండి, తర్వాత గొడవ ఉండదు.

ఇక వేసే పద్ధతి. మన దగ్గర పెద్ద శత్రువు ఉప్పు గాలి. సన్నటి రెడీమేడ్ సిమెంట్ స్తంభాల్లో ఇనుప చువ్వ పైకే ఉంటుంది. ఉప్పు లోపలికి దిగితే చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, సిమెంట్ పగిలి పెచ్చులూడుతుంది. అందుకే చువ్వ చుట్టూ కాంక్రీట్ మందంగా ఉన్న స్తంభమే తీసుకోండి. ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీట్ కలపనివ్వొద్దు. పైన ఐదడుగులుంటే లోపల రెండున్నర అడుగులు దించాలి. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైపైన పాతితే స్తంభం ఒరుగుతుంది. మెష్‌కి జింక్ పూత మందంగా ఉన్నదో, దాని మీద పీవీసీ పూత ఉన్నదో అడగండి. కత్తిరించిన కొసలకి పెయింట్ వేయించండి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

మా ఇంట్లో ఇప్పటికి వచ్చిన ఒప్పందం ఇదీ. కింద అడుగున్నర ఇటుక కట్టు, నేల మట్టంలో తూములు. దాని పైన ఐదడుగుల ఎత్తు వచ్చేదాకా మెష్. లోపలి వైపు గోరింట మొక్కలు. వీధి వైపు గేటుకి తాళం, అన్నయ్య కోసం. రెండిళ్ల మధ్య చిన్న తలుపు, దానికి తాళం లేదు, గొళ్లెం మాత్రమే. అది పెద్దమ్మ షరతు. అన్నయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, గొళ్లెం దగ్గర ఆగాడు.

నేనైతే పెద్దమ్మ వైపే. మన పల్లెల్లో, పాత వీధుల్లో ఇప్పుడు చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు. సీసీ కెమెరా పెట్టి ఫోన్‌లో చూసుకుంటున్నాం. తుఫానులో ముందు పోయేది కరెంటు, తర్వాత సిగ్నల్. అప్పుడు "ఏవండీ, ఉన్నారా?" అని అరిస్తే వినపడేది పక్కింటికే.

మీ ఇంట్లో ఈ డిస్కషన్ నడుస్తుంటే ఈ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో పడేయండి. కొలతల్లో డౌట్ ఉంటే కింద రాయండి, చూసి చెప్తాను. ఉంటానండి.